పురానాపూల్ స్విచ్

బియ్యం సంచిలో రోబోను పెట్టుకుని జేబీఎస్ మెట్రో స్టేషన్‌లో స్కానర్ ముందు నిలబడ్డాం, నేనూ మా మేనల్లుడూ. తెర మీద వైర్లు, బ్యాటరీ, రెండు గుండ్రటి మోటార్లు కనపడేసరికి సెక్యూరిటీ ఆయన సంచి పక్కకు లాగాడు.

"ఏంటి సార్ ఇది?"

"బొమ్మండీ."

"బొమ్మకి ఇన్ని వైర్లా?"

"మాట్లాడే బొమ్మ."

ఆయన సంచి మూతి విప్పి దాని మొహం చూశాడు, మా వాడి మొహం చూశాడు, వెళ్ళమన్నాడు.

రోబో అన్నానని సినిమాలో దాన్ని ఊహించుకోకండి. మంచినీళ్ళ బిందెంత ఉంటుంది. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, కింద రెండు చక్రాలు, పైన నీలం లైట్లు వెలిగే రెండు కళ్ళు. ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టు కింద చేశారు. ఆటిజం ఉన్న పిల్లలకు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడడం నేర్పించాలని వాళ్ళ ఆశయం. ఆర్నెల్లుగా ప్రతి శనివారం అక్కావాళ్ళింటికి వచ్చేవారు. రోబో "హలో! నా కళ్ళలోకి చూడు" అనేది. మా వాడు ఎన్ని క్షణాలు చూశాడో ఓ కాగితం మీద రాసుకునేవారు. మొదటి నెలంతా సున్నా. రెండో నెల నుంచి వాడొక పని మొదలుపెట్టాడు: లేచి, దాన్ని రెండు చేతులతో ఎత్తి, మొహం గోడవైపు తిప్పి పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. ఆ గడిలో పిల్లలు 'సహకరించలేదు' అని రాసుకున్నారు. ఎవరు ఎవరికి సహకరించలేదన్నది అప్పట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

కిందటి వారం వాడు దాన్ని మంచం మీంచి తోసేశాడు. ఒక చక్రం ఊడింది. కాలేజీలో పరీక్షలు, ల్యాబుకు తాళం. అప్పుడు నాకు పురానాపూల్ ఉస్తాద్ గుర్తొచ్చాడు.

మా వాడికి పదహారేళ్ళు. మాటలు రావని అనను. పది పదిహేను మాటలున్నాయి, పొదుపుగా వాడతాడు. మిగతాది మెడలో వేలాడే ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి చెప్తాడు, అది తెలుగులో పలుకుతుంది. మా అక్క బోయిన్‌పల్లిలో ఇల్లు తీసుకున్నదే వాడి కోసం. అక్కడికి దగ్గర్లో మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. కోచింగ్ సెంటర్ల చుట్టూ ఇళ్ళు వెతుక్కునే తల్లుల్ని చూశాం కదా, ఆ సంస్థ చుట్టూ ఇళ్ళు వెతుక్కునే తల్లులు కూడా ఉన్నారు. వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని విడిగా ఒక వైకల్యంగా లెక్కపెట్టింది 2016లో. అంతకు ముందు 1995 చట్టంలో ఏడు రకాలే ఉండేవి, కొత్త చట్టంలో ఇరవై ఒకటి అయ్యాయి. మా వాడు పుట్టి ఎన్నాళ్ళకో గాని వాడికి కాగితం మీద సరైన పేరు రాలేదన్నమాట.

రైల్లో వాడు స్టేషన్ల పేర్లు పెదవులతో మాత్రం అనుకుంటూ కూర్చున్నాడు. సికింద్రాబాద్ వెస్ట్, గాంధీ హాస్పిటల్, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్‌బజార్, ఎంజీబీఎస్. ఈ లైను 2020 ఫిబ్రవరిలో తెరిచినప్పటి నుంచి వాడికి ఇది సుప్రభాతం. చెవులకు పసుప్పచ్చ మఫ్‌లు పెట్టుకున్నాడు. అవి మందుల షాపువి కావు. రాణిగంజ్‌లో, డ్రిల్లింగ్ మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళ కోసం అమ్మేవి. మా అక్క అక్కడెక్కడో కూలీ చెవులకు చూసి కొనుక్కొచ్చింది. వాడి జీవితంలో ఇంతకంటే ఎక్కువ ఉపయోగపడిన యంత్రం మరోటి లేదు. అది మా వాడి కోసం చేసింది కాదు, అయినా సరే.

ఎంజీబీఎస్‌లో దిగాక వాడు నేల మీది పసుపు పలకలు పట్టుకుని నడిచాడు. కంటిచూపు లేనివాళ్ళు కర్రతోనో కాలితోనో గుర్తుపట్టేలా ఉబ్బెత్తు చారలూ చుక్కలూ ఉంటాయే, అవి. వాటిని జపాన్‌లో సెయీచి మియాకె అనే ఆయన 1965లో కనిపెట్టాడు, 1967లో ఒకాయామా పట్నంలో మొదట పరిచారు. మా వాడికి చూపు భేషుగ్గా ఉంది. కానీ అంత జనంలో ఎటు వెళ్ళాలో ముందే గీసిపెట్టిన దారి ఒకటి కాళ్ళ కింద ఉంటే వాడి భుజాలు కిందికి దిగుతాయి. ఒకరి కోసం వేసిన దారి ఇంకొకరికి అక్కరకొచ్చింది. గేటు దాటాం, పలకలు అయిపోయాయి, రోడ్డొచ్చింది. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

ఆటో ఉస్మానియా ఆస్పత్రి దగ్గర మూసీ దాటి, హైకోర్టు పక్కగా, సిటీ కాలేజీ ముందు నుంచి పురానాపూల్ దర్వాజా దగ్గర దించింది. పాత నగరం గోడకు ఉన్న దర్వాజాల్లో ఇప్పుడు మిగిలినవి రెండే, దబీర్‌పురాదీ ఇదీ. రోబో చేసిన పిల్లల్లో ఒకమ్మాయి, పరీక్షలున్నా సరే, ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని అప్పటికే వచ్చి నిలబడి ఉంది. "చక్రం ఒక్కటే కదా అంకుల్, అరగంటలో అయిపోతుంది" అంది.

ఉస్తాద్ కొట్టు దర్వాజాకు కాస్త ఇవతల సందులో. స్కూటర్లకు సైడ్ వీల్స్ బిగించడం ఆయన పని. మా ఆఫీసులో ఒకాయనకు బండి చేయించడానికి పదేళ్ళ కింద వచ్చాను, అప్పటి పరిచయం. ఉస్తాద్‌కు పోలియోతో రెండు కాళ్ళూ చిన్నప్పుడే పడిపోయాయి. కార్వాన్‌లో పుట్టి పెరిగాడు. నాలుగంగుళాల ఎత్తు చెక్కపీట మీద, దానికి కింద నాలుగు బేరింగులు, చేతులతో తోసుకుంటూ కొట్టంతా తిరుగుతాడు. ఎక్కడి పానా అక్కడే, నేల నుంచి రెండడుగుల లోపు. నిలబడి పనిచేసే మెకానిక్ ఎవరైనా ఆ కొట్లో వికలాంగుడైపోతాడు. నా సంగతీ అంతే, ఏది అందుకోవాలన్నా వంగాలి.

"గిదేంది సార్, బిందెకు కండ్లు పెట్టిన్రు?" అన్నాడు సంచిలోంచి తీయగానే.

అమ్మాయి నవ్వేసింది. ప్రాజెక్టు గురించి చెప్పింది. కళ్ళలోకి చూడడం, క్షణాల లెక్క, అన్నీ. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంవాళ్ళు చేసిన క్యాస్పర్ అనే రోబో గురించి చదివి మొదలుపెట్టారట. అది 2005 నుంచి నడుస్తున్న పని. పిల్లవాడంత ఉంటుంది. మనుషుల మొహంలో ఒకేసారి జరిగే కదలికలు పిల్లలకు భారమని, దాని మొహాన్ని కావాలనే సాదాగా చేశారు. ఉస్తాద్ అంతా విని, "మరి పోరన్ని అడిగిన్రా, ఏం కావాలెనో?" అన్నాడు.

"వాళ్ళమ్మగారిని అడిగాం" అంది అమ్మాయి.

ఆయన ఏమీ అనకుండా చక్రం చూడడం మొదలుపెట్టాడు.

గోడకు మేకు మీద ఒక పాత ఇనుప క్యాలిపర్ వేలాడుతోంది. పాదానికి బూటు, పక్కలకు రెండు ఇనుప బద్దలు, తొడకు తోలు పట్టీ. తోలు ఎండి పెచ్చులు లేచింది. ఆయన చిన్నప్పటిది. "గది కాటా మీద పెట్టి చూసిన సార్. మూడు కిలోల రెండొందల గ్రాములు. ఒక్క కాలుది. నేను గప్పుడు పదిహేను కిలోలు లేనేమో" అన్నాడు. తోలు రాసుకుని పుండ్లు పడితే నాలుగేళ్ళు ఏడ్చి, ఒకరోజు మూలన పడేసి, బేరింగుల పీట ఆయనే కట్టుకున్నాడట. అదే ఆయన మొదటి డిజైను, తొమ్మిదేళ్ళ వయసులో.

నేను కలాం సంగతి చెప్పాను. ఆయనకు తెలుసు, అయినా చెప్పనిచ్చాడు. పాతబస్తీ అవతలి కొసన కంచన్‌బాగ్‌లో క్షిపణుల ప్రయోగశాలలో కలాం ఉన్న రోజుల్లో, నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు అక్కడికి వెళ్ళి, అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశాడు. చూసి, కలాంను ఆస్పత్రికి తీసుకెళ్ళి, మూడేసి కిలోల ఇనుము ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లల్ని చూపించాడు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు వచ్చాయి. రాష్ట్రపతి అయ్యాక కూడా ఆయన సభల్లో తన ఆనందాల్లో ఒకటిగా దీన్ని చెప్పుకునేవాడు.

"క్షిపణి గొప్పదే సార్. కానీ డాక్టర్ సాబ్ పట్టుకపోయి పోరగాండ్లను సూపెట్టిండు చూడు, గదీ అసలు పని" అన్నాడు ఉస్తాద్, చక్రం లోపలి బుష్ తీసి వెలుతురుకు పట్టి చూస్తూ.

బుష్ అరిగి పగిలింది. పాత సామాను డబ్బాలోంచి ఇత్తడిది ఒకటి వెతికి, ఆకురాయితో రుద్ది, సరిపెట్టాడు. ప్లాస్టిక్ చక్రం గచ్చు మీద టకటకలాడుతోందని పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి చుట్టూ తొడిగాడు. నాకు జైపూర్ కాలు గుర్తొచ్చింది. జైపూర్‌లో పి.కె. సేథీ అనే ఎముకల డాక్టరూ, రామచంద్ర శర్మ అనే చేతిపనివాడూ కలిసి 1968లో దాన్ని రూపొందించారు. విదేశీ పద్ధతి కృత్రిమ పాదానికి బూటు తప్పనిసరి. దానితో గొంతుకు కూర్చోలేరు, బాసింపట్టు వేసుకోలేరు, పొలంలో దిగలేరు. శర్మ సైకిలు పంక్చరై, రోడ్డు పక్క టైరుకు రబ్బరు అతికించడం చూసినప్పుడు ఉపాయం తట్టిందని చెప్తారు. నిజమో కథో గాని, ఉస్తాద్‌కు ఈ కథ భలే నచ్చింది. పంక్చర్ వేసే కుర్రాణ్ణి కేకేసి మరీ చెప్పాడు.

చక్రం తొడిగి, అమ్మాయి ఫోన్‌లో ఏదో నొక్కితే రోబో కళ్ళు వెలిగాయి. "హలో!" అంది. ఇంతసేపూ గుమ్మం దగ్గర సందులోకి చూస్తూ కూర్చున్న మా వాడు లేచి వచ్చాడు. ఎత్తి గోడవైపు తిప్పుతాడనుకున్నాను. ఆ పని చెయ్యలేదు. మఫ్‌ల మీద చేతులు గట్టిగా నొక్కుకుని, వంగి, వేలు తీసుకెళ్ళి రోబో పొట్ట కింద ఒకచోట ఆనించి, వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ లాక్కున్నాడు.

"ఏడ బిడ్డా? గాడనా?" అని ఉస్తాద్ ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొనను వాడు చూపిన చోట పెట్టి, పిడిని తన చెవికి ఆనించుకున్నాడు. ఇంజన్లో ఏ వాల్వు కొట్టుకుంటోందో మెకానిక్కులు ఇలాగే వింటారు. కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు. "మోటరు ఏడుస్తున్నది" అన్నాడు.

"ఆగి ఉంది కదా, మోటారు తిరగట్లేదుగా?" అన్నాను.

అప్పుడు అమ్మాయి మొహం మారింది. రోబో కదిలేటప్పుడు కుదుపు లేకుండా మెల్లగా లేవాలని, ఆగి ఉన్నప్పుడు కూడా మోటార్లకు కొద్దికొద్దిగా కరెంటు వదులుతున్నారట. ఆ కరెంటు ధారలా పోదు, తెంపులు తెంపులుగా పోతుంది. వాళ్ళు వాడిన బోర్డు సెకనుకు 490 సార్లు తెంపి వదులుతుంది. అంటే మోటారు తీగచుట్ట సెకనుకు 490 సార్లు వణుకుతూ 'ఈఁ' అని సన్నగా కూస్తుంది. చెవికి వినపడేదే. మాకూ ఆర్నెల్లుగా వినపడుతున్నదే. సీలింగ్ ఫ్యాను చప్పుడులాగా మేము దాన్ని వినడం మానేశాం. వాడి చెవి ఏదీ వినడం మానెయ్యదు. 'నా కళ్ళలోకి చూడు' అని అది పళ్ళు నూరుతూ అడుగుతుంటే వాడు ఎందుకు చూస్తాడు?

మా వాడు ఉస్తాద్ చేతిలో స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. ఒక చెవి మఫ్ పక్కకు జరిపి పిడి ఆనించుకున్నాడు. ఎదురుగుండా మిక్సీ తిరిగితేనే పారిపోయేవాడు, రెండు నిమిషాలు అలాగే ఉన్నాడు. తనకు తానుగా, తన చేత్తో, ఎంత దగ్గరగా ఎంతసేపు వినాలో తానే పట్టుకుని.

అమ్మాయి అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి ప్రోగ్రాంలో ఒక వరుస మార్చింది. 490 కాస్తా 31 వేల పైకి వెళ్ళింది. మనిషి చెవికి 20 వేలు దాటితే వినపడదు. "కానీ అంకుల్, ఇప్పుడు లేచేటప్పుడు గుంజుకుంటుంది, మెత్తగా కదలదు" అంది. నిజమే, కోడెదూడలా ఒక్క దూకు దూకి ముందుకు పోయింది. మా వాడు కిలకిలా నవ్వాడు. ఆర్నెల్లు వాళ్ళు కష్టపడి మెత్తదనం తెచ్చింది ఎవరి కోసమో మరి.

ఇక స్విచ్ సంగతి. రోబోను ఆపడం అమ్మాయి ఫోన్‌లోంచే. "గంటే ఈనకు వద్దనిపిస్తే?" అన్నాడు ఉస్తాద్. సమాధానం మాకు ఆర్నెల్లుగా తెలుసు: గోడవైపు తిప్పాలి, లేదా మంచం మీంచి తొయ్యాలి. ఆయన పాత స్కూటర్ హ్యాండిల్ మీది స్విచ్ ఒకటి ఏరి తెచ్చాడు, నొక్కితే 'టక్' మనేది. రోబో నెత్తి మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టాడు, చెయ్యి అందుతుందని. మా వాడు ఆ గుర్తును అరచేత్తో తుడిచేశాడు. ఎడమ పక్కన, చక్రానికి జానెడు పైన వేలు పెట్టాడు. నాకు అర్థం కాలేదు. ఉస్తాద్‌కు వెంటనే అర్థమైంది. "పోరడు కింద కూసుండి ఆడ్తడు సార్. మీరంతా పైకెల్లి చూస్తున్నరు" అని అక్కడే రంధ్రం వేశాడు.

టెంపుల్ గ్రాండిన్ కథ ఆయనకు చెప్పాలనిపించింది. ఆటిజం ఉన్న అమెరికన్ ఆవిడ, తర్వాత పశుశాస్త్రంలో ప్రొఫెసర్ అయింది. బంధువుల పశువుల క్షేత్రంలో ఆవుల్ని సూది మందు కోసం బోనులో ఒత్తిపట్టడం, అవి నెమ్మదించడం చూసి, పద్దెనిమిదేళ్ళప్పుడు తన కోసం అలాంటి పెట్టె కట్టుకుంది. మనుషులు కావలించుకుంటే ఆమె తట్టుకోలేదు. ఈ పెట్టెలో ఎంత ఒత్తిడి, ఎంతసేపు అన్నది ఆమె చేతిలో ఉంటుంది. "మరి మనోడు గదే చేసిండు గదా ఇప్పుడు" అన్నాడు ఉస్తాద్, స్విచ్‌కు వైరు అతికిస్తూ. టంకం పొగ వాసనకు మా వాడు ముక్కు మూసుకుని బయటికి నడిచాడు.

టోక్యో కాఫీ హోటల్ సంగతి కూడా చెప్పాను. 2021 నుంచి అక్కడ ఒరిహిమే అనే రోబోలు వచ్చినవాళ్ళకు వడ్డిస్తున్నాయి. కానీ వాటిని నడిపేది ఇల్లు కదలలేని మనుషులు, ఇళ్ళ నుంచి, కొందరు కంటిచూపుతోనే. జీతం కూడా తీసుకుంటారు. ఉస్తాద్ చేతిపని ఆపి విన్నాడు. "అంటే గది మరబొమ్మ కాదు. మనిషే" అన్నాడు. తర్వాత, "గవర్నమెంటోళ్ళు మమ్మల్ని దివ్యాంగులంటున్నరు. దివ్యం ఏం లేదు సార్. కాళ్ళు లేవు, గంతే. మెట్టు లేకుండ కడితే సాలు" అన్నాడు. నీలం కళ్ళ మీద నల్ల టేపు అంటించాడు, వెలుగు గుచ్చుకోకుండా. మా వాడు లోపలికొచ్చి చూసి, టేపు రోలు లాక్కుని ఇంకో పొర అంటించాడు. కంటిచూపు నేర్పడానికి పుట్టిన రోబోకు కళ్ళే లేకుండా పోయాయి. అమ్మాయి తన కాగితం తీసి, ఆ గడిలో ఏం రాయాలో తెలియక, మడిచి బ్యాగులో పెట్టేసుకుంది.

డబ్బు తీసుకోమంటే బుష్‌కూ స్విచ్‌కూ మాత్రం తీసుకున్నాడు.

వచ్చాం కదాని వంతెన మీదికి తీసుకెళ్ళాను. ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో కట్టించాడు, హైదరాబాద్ నగరం పుట్టడానికి పదమూడేళ్ళ ముందు. కొడుకు మహమ్మద్ కులీ వరదలో ఏరు దాటి భాగమతి కోసం పోతున్నాడని తండ్రి భయపడి కట్టించాడంటారు. అప్పటికి ఆ ప్రేమికుడికి పన్నెండు పదమూడేళ్ళు. ఆ లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు. గోల్కొండ నుంచి వచ్చే వర్తకులకు దారి కావలసి వచ్చిందంటే కథకు రుచి ఉండదు మరి. ఇప్పుడు దాని మీద బళ్ళు పోవు, కూరగాయల బజారు. రెండు పక్కలా టార్పాలిన్లు, వాటి తాళ్ళు మెడ ఎత్తున. ఉస్తాద్ పీటకు ఆ తాళ్ళు అడ్డం రావు. నాకొచ్చాయి, రెండుసార్లు.

మా వాడు కొత్తిమీర కట్ట ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని నడిచాడు. ఆ గోలలో అది వాడి మందు. కమానులు చూపిద్దామని పక్కనున్న కొత్త వంతెన మీదికి తీసుకెళ్ళాను. పుస్తకాల్లో ఇరవై రెండు అని ఉంటుంది. వాడు వేలితో గాల్లో లెక్కపెట్టి పంతొమ్మిది దగ్గర ఆగాడు. మిగతావి చెట్ల చాటున ఉన్నాయని ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. ట్యాబ్ తీసి 'ఇల్లు' నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

ఎంజీబీఎస్‌లో మళ్ళీ స్కానర్. మళ్ళీ సంచి పక్కకు. ఈసారి సెక్యూరిటీ వేరే ఆయన, కాస్త పెద్ద వయసు. "బొమ్మైతే ఆన్ చేసి చూపించండి" అన్నాడు మర్యాదగానే. నేను సంచిలో చెయ్యి పెట్టబోయాను. అక్కడ అప్పటికే మా వాడి చెయ్యి ఉంది. ఎడమ పక్కన, చక్రానికి జానెడు పైన, స్విచ్ మీద అరచెయ్యి కప్పి పెట్టుకుని, ఎటో చూస్తున్నాడు. వెనక జనం లైను కట్టారు.

"ఆన్ చెయ్యనంటున్నాడండీ" అన్నాను.

ఆయన వాణ్ణి ఓసారి చూసి, సంచిని ఇంకోసారి స్కానర్‌లో పంపాడు.